తెప్పకు కావలి

సౌదీలోని అల్ ఖర్జ్ పాల ఫారంలో మధ్యాహ్నం నమాజు అయింది. మెస్సులో అందరూ ఖుబూసు రొట్టెలు తుంచుకుని తింటుంటే రోజాలి ఒక్కడే కంచం పక్కకు నెట్టి ఫోను చూస్తూ కూర్చున్నాడు. అతనిది జకార్తా. ఇక్కడ ఆవులకు మేత కలిపే బండి నడుపుతాడు. వాడి ఎదురుగా కూర్చున్న లింబాద్రి నిజామాబాదు జిల్లావాడు. అదే షెడ్లలో ఆవులకు గాలి కొట్టే పెద్ద పెద్ద ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఆవులకు ఎడారిలో ఫ్యాన్లూ, నీటి తుంపరలూ ఉన్నాయి, వాటిని చూసుకునే మనుషులకు మాత్రం కీచుమనే కూలరే గతి అని లింబాద్రి రోజూ గొణుగుతాడు. వినే నాథుడు లేడు గాబట్టి మళ్ళీ మర్నాడు కొత్తగా గొణుగుతాడు.

ఇద్దరిదీ ఒకే గది. ఏళ్ళ తరబడి ఒకే గదిలో పడుకుంటే గురక ఒక్కటే కాదు, భాష కూడా అంటుకుంటుంది. రోజాలికి తెలుగు వచ్చింది. నిజామాబాదు యాసతో వచ్చింది. సగం మాటలు మింగేస్తాడు గానీ మింగినవి లింబాద్రికి అర్థమవుతాయి.

లింబాద్రికి మాత్రం వాళ్ళ భాష రాలేదు. వాళ్ళ పేట వచ్చింది. ప్రతి శుక్రవారం రోజాలి తల్లి రోహాయా వీడియో కాల్ చేసి, ఫోను చేత్తో పట్టుకుని పేటంతా తిప్పి కొడుక్కు చూపించేది. పక్కన కూర్చుని లింబాద్రీ చూసేవాడు. చిలివుంగ్ అని ఒక ఏరు, పాలు తక్కువేసిన చాయ్ రంగులో పారుతుంది. దాని ఒడ్డున ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకున్నట్టు ఉంటాయి. వెనక భాగం ఏట్లోకి దిగిన కొయ్య స్తంభాల మీద, ముందు గుమ్మం ఇరుకు సందులోకి. ఆ సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. తలెత్తితే పంజరాల్లో పిట్టలు, ఆరేసిన బట్టలు, వాటికీ పైన దూరంగా అద్దాల మేడలు. లింబాద్రి రియాద్ నగరం సగం కూడా చూడలేదు గానీ, ఆ పేటలో వదిలిపెడితే ఎవరినీ అడక్కుండా రోజాలి ఇంటికి వెళ్ళి కూర్చోగలడు.

ఆ ఇంటి వెనకే తెప్ప. వెదురు బొంగులు కట్టిన తెప్ప. ఏటికి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక తాడు ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగుతూ రోహాయా తెప్ప నడుపుతుంది. బడిపిల్లలు, కూరగాయల బుట్టలు, ఒక్కోసారి మోటారు సైకిలు కూడా దాని మీదే అవతలికి పోతాయి. మొగుడు నడిపిన తెప్ప. ఆయన పోయాక ఆమె తాడు అందుకుంది. అరవై దాటినా ఆమె చేతులు చూస్తే లింబాద్రికే భయం వేసేది.

వానాకాలంలో ఆ ఏరు ఇళ్ళలోకి రావడం ఏటా ఉన్నదే. ఎక్కడో పైన కొండల దగ్గర నీళ్ళు ఎంత వచ్చాయో ముందుగా కబురు వస్తుంది. ఆ నీళ్ళు పేటకు చేరడానికి సగం రోజు పడుతుంది. ఈలోగా జనం ఫ్రిజ్జులూ, పరుపులూ మేడ మీదకు ఎక్కించి, పెద్దరోడ్డు మీదున్న బడికి వెళ్ళిపోతారు. నీళ్ళు తీశాక వచ్చి బురద కడుక్కుంటారు.

ఈసారి కబురు వేరుగా వచ్చింది. ఇంత నీళ్ళు చాలా ఏళ్ళుగా రాలేదన్నారు.

"అవ్వ యాడున్నదిరా?" అడిగాడు లింబాద్రి.

"బడిల ఉన్నది అన్నా. పొద్దున్నే పోయింది. తిన్నది, పండుకున్నది. ఫికర్ లేదు అన్నది."

"ఫికర్ లేకుంటె బువ్వెందుకు తింటలేవు? ఇంకోసారి ఫోన్ జెయ్యి. నేను గూడ పలకరిస్త."

రోజాలి చేశాడు. మోగగానే ఎత్తింది రోహాయా. స్పీకరులో పెట్టాడు. నెట్ సరిగా లేదేమో బొమ్మ రాలేదు, మాట మాత్రం వచ్చింది. తల్లీకొడుకులు నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. లింబాద్రి "అవ్వా, మంచిదేనా?" అంటే ఆమె నవ్వి ఏదో అంది. ఫోను కట్టయింది. రోజాలి ఊపిరి పీల్చుకుని కంచం దగ్గరకు లాక్కున్నాడు.

లింబాద్రి మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"తమ్మీ, ఆ బడిల ఎంతమంది ఉంటరు?"

"వెయ్యి మంది ఉంటరు."

"పిల్లలు?"

"మస్తు ఉంటరు."

"మరి ఫోన్ల ఒక్క పోరడు గూడ ఏడ్వలేదేందిరా? రేకుల మీద వాన సప్పుడు తప్ప ఇంకేం ఇనరాలే. ఆ బడి రేకులదా?"

రోజాలి చేతిలో ముద్ద ఆగిపోయింది. బడి స్లాబుది. రేకులు వాళ్ళ మేడ మీదివి.

పాము కాళ్ళు పాముకెరుక. గల్ఫులో ఉన్నవాడు ఇంటికి చెప్పే మొదటి మాట 'మంచిగున్న' అన్నదే. ఫ్యాను బెల్టులో వేళ్ళు నలిగి కట్టు కట్టించుకుని పడుకున్న రోజు లింబాద్రి తన తల్లి ముత్తవ్వకు 'డ్యూటీల ఉన్న, మల్ల జేస్త' అని చెప్పినవాడే. అబద్ధం చెప్పేటప్పుడు గొంతు ఎంత హాయిగా ఉంటుందో వాడికి తెలుసు. రోహాయా గొంతు అంత హాయిగానే ఉంది.

రోజాలి మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి మోగనే లేదు. చార్జింగు అయిపోయి ఉంటుంది. పేటలో కరెంటు ఎప్పుడో తీసేశారు.

"తెప్ప," అన్నాడు రోజాలి. "తెప్ప కోసం ఉన్నది అన్నా. నీళ్ళు పెరిగితె తెప్ప కట్టిన తాడు జర జర వదలాలె. వదలకుంటె తెప్ప మునుగుతది, తెగుతది. మేడ మీద ఎనక కిటికీల కూసోని తాడు పట్టుకున్నది."

ఇరుగు పొరుగుకు ఫోన్లు చేశాడు. అందరూ బడిలోనే ఉన్నారు. మసీదు ఆడవాళ్ళతో వస్తానని రోహాయా పొరుగువాళ్ళకు చెప్పిందట. పొరుగువాళ్ళతో వస్తానని మసీదు ఆడవాళ్ళకు చెప్పిందట. ముసలమ్మ అందరి చెవుల్లోనూ పువ్వులు పెట్టింది.

ఇక్కడ మధ్యాహ్నమైతే అక్కడ పొద్దు గూకుతోంది. సందులో నీళ్ళు గుమ్మాలు దాటి కిటికీల దాకా వచ్చాయి. రబ్బరు పడవలవాళ్ళు ఉన్నారు గానీ, ఆ చీకట్లో, ఆ ఉరవడిలో మనిషి ఉన్నట్టు గుర్తు కనబడని ఇంటికి రాలేమన్నారు. ఒక్క టార్చిలైటు చూపిస్తే చాలు, వస్తామన్నారు.

పేటలో కాస్త మెరక మీద మసీదు ఉంది. దాన్ని చూసుకునే హాజీ సనూసి ఇంకా అక్కడే ఉన్నాడు. బ్యాటరీ మీద నడిచే మైకు ఉంది. రోజాలి ఆయనకు ఫోను చేసి విషయం చెప్పాడు. ఆయన రోహాయా పేరు పెట్టి, దీపం చూపించమని మైకులో మళ్ళీ మళ్ళీ పిలిచాడు. చూశాడు. ఏ కిటికీలోనూ వెలుతురు రాలేదు.

"ఆయన పిలుపు రోజు ఇనేదే గదా. నీ గొంతు ఇననియ్యి," అన్నాడు లింబాద్రి. "ఫోను మైకు కాడ పెట్టుమను."

హాజీ పెట్టాడు. రోజాలి "ఎమక్" అన్నాడు. వాళ్ళ భాషలో అమ్మ, లింబాద్రి యాసలో అవ్వ. అల్ ఖర్జ్ మెస్సులో మెల్లగా అన్న మాట, ఎక్కడో ఏటి మీద పెద్దగా మోగి ఫోనులోంచి తిరిగి వినిపించింది. తర్వాత వాడు చెప్పినదంతా బతిమాలడమే. భాష రాకపోయినా బతిమాలడం తెలుస్తుంది. చివరికి మాటలు అయిపోయి ఏడుపు మిగిలింది. అదీ మైకులోనే వెళ్ళింది.

వెలుతురు రాలేదు.

అప్పటికి మెస్సులో ఎవరూ తినడం లేదు. పాకిస్తానీలు, బంగ్లావాళ్ళు బెంచీల చుట్టూ మూగారు. లింబాద్రికి భయం పట్టుకుంది. దాంతోపాటు ఒళ్ళు మండుకొస్తోంది. భయమేసినప్పుడు కోపం రావడం వాడి పుట్టుగుణం.

"బతిమాలితె ఇనే మనిషి కాదురా మీ అవ్వ. తిట్టు!"

"అమ్మను ఎట్ల తిట్టాలె అన్నా?" అన్నాడు రోజాలి, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇటు దే!"

ఫోను లాక్కున్నాడు లింబాద్రి. ఆ తర్వాత జకార్తా నగరంలో, చిలివుంగ్ ఏటి ఒడ్డున, మసీదు మైకులో నిజామాబాదు తెలుగు మోగింది.

"ఓ రోహాయా! ఓ ముసల్దానా! నీకేమన్న దయ్యం పట్టిందా? ఏరు ఇంట్ల జొచ్చింది, నువ్వు తెప్పకు కావలి కూసున్నవా? నీ తెప్ప మన్నువడ! తెప్ప పోతె అడివిల బొంగులు కరువైనయా? నువ్వు పోతె నీ కొడుకుకు అవ్వ యాడ దొరుకుతది, దుకాండ్ల దొరుకుతదా? పోరడు ఈడ బువ్వ ముట్టకుంట గుండె పలిగేటట్టు ఏడుస్తుండు! ఇంటున్నవా రోహాయా? ఇడిసిపెట్టు ఆ తాడు! లే! లే అంటున్న! బత్తి జూపియ్యి! జూపియ్యకుంటె నేనే ఒచ్చి రెక్క పట్టి గుంజుకపోత!"

ఆగాడు. ఫోనులో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత హాజీ సనూసి కేక వేశాడు. రోజాలి ఎగిరి లేచాడు.

"బత్తి! అన్నా, బత్తి చూపిచ్చింది!"

మెస్సంతా ఒక్కసారి అరిచింది. ఎవరో బల్ల మీద దబదబా బాదారు. హాజీ ఇంకా కేకలు వేస్తూనే ఉన్నాడు. రోజాలి విని నోరు తెరిచాడు.

"ఇంకొక ఇంట్ల గూడ బత్తి! ఇంకొకటి గూడ!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారట. ఆ సందులో పిల్లలకు 'బడిలో ఉన్నాం' అని చెప్పి మేడల మీద దాక్కున్న ముసలివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన పిట్టల కోసం, ఒకావిడ కొత్త కుట్టు మిషను కోసం. భాష అర్థం కాలేదు గాబట్టే మరీ భయపడ్డారని హాజీ తర్వాత చెప్పాడు. ఏదో దూరపు దీవి నుంచి మిలట్రీ ఆఫీసరు దిగాడనుకున్నారట.

పడవ సందు మొదటి దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి కుర్రాళ్ళు నడుముకు తాడు కట్టుకుని, లారీ ట్యూబులు తోసుకుంటూ లోపలికి వెళ్ళారు. హాజీ చూసినది చూసినట్టు చెబుతున్నాడు, రోజాలి దాన్ని ముక్కలు ముక్కలుగా తెలుగులోకీ హిందీలోకీ దించుతున్నాడు. కుట్టు మిషనావిడ వచ్చింది. పిట్టలాయన పంజరంతో సహా వచ్చాడు. రోహాయా కిటికీలోనే ఉంది. తాడు వదలడం లేదు. కుర్రాడు అరుస్తున్నాడు. వదిలింది. తెప్ప వెళ్ళిపోయింది. ట్యూబు మీదకు దిగింది.

పని మొదలయ్యే వేళ దాటిపోయింది. ఒక్కడూ షెడ్డుకు రాలేదేమని ముదీర్, అంటే ఫారం మేనేజరు, కోపంగా తలుపు తోసుకుని వచ్చాడు. ఎవరో అరబ్బీలో రెండు ముక్కలు చెప్పారు. ఆయన టోపీ తీసి బెంచీ చివర కూర్చున్నాడు.

చివరికి మసీదు మెట్ల మీద నుంచి రోహాయా గొంతు వినబడింది. రోజాలి ఫోను రెండు చేతులతో పట్టుకుని ఊరికే నవ్వాడు. లింబాద్రి గోడకు చేరగిలబడ్డాడు. ఒళ్ళంతా తేలికైపోయింది, జ్వరం దిగినట్టుంది.

ఆమె కొడుకును పలకరించలేదు. ముందు అడిగింది తిట్టినవాడెవడని.

"అన్నా, నీకే ఫోను."

లింబాద్రి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తిట్ల వాన మొదలైంది. ఆ ముసలమ్మ దమ్ము చూస్తే ఏరు ఈదుకొచ్చిన మనిషిలా లేదు. ఏమంటుందిరా అంటే రోజాలి నసిగాడు. "నా మొగుడి తెప్ప పోయింది నీవల్ల అంటున్నది. పెద్దల్ని తిట్టే నోరు ఎండిపోతది అంటున్నది. ఇంకా ఉన్నది, నేను చెప్ప."

"అయితయింది అవ్వా. తిట్టు, ఎంతసేపన్న తిట్టు," అన్నాడు లింబాద్రి, ఎదురుగా ఉన్నట్టే దండం పెడుతూ. వాడికి ఆ తిట్లు మహా కమ్మగా ఉన్నాయి. చచ్చినవాళ్ళు తిట్టరు గదా.

తిడుతూ తిడుతూ ఆమె మధ్యలో ఆగిపోయింది.

ఫోనులో ఫెళఫెళమని పెద్ద చప్పుడు. జనం కేకలు. ఆ తర్వాత చాలాసేపు వానే. రోజాలి ఫోను అందుకుని పిలిచాడు. హాజీ పలికాడు. వింటూ వింటూ రోజాలి నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏందిరా? ఏమైంది?"

"ఎనక కొయ్యలు విరిగినయ్ అన్నా. మా మేడ... అవ్వ కూసున్న అర్ర... కిటికీతోటి ఏట్ల పడ్డది. ఇల్లు పోయింది." ఒక క్షణం అందరి ముఖాలూ చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఇల్లే పోయింది అన్నా! ఇల్లే!"

ముదీర్ పైకి చూసి అల్హమ్దులిల్లా అన్నాడు. మెస్సులో నాలుగు మూలల నుంచీ ఆ మాట వచ్చింది. లింబాద్రి తన నర్సింహస్వామిని తలుచుకున్నాడు.

అంతలో ఫోనులోకి మళ్ళీ రోహాయా వచ్చింది. ఇందాకటి గొంతు కాదు. నెమ్మదిగా ఒకే ఒక్క మాట చెప్పింది. రోజాలి విని లింబాద్రి వైపు తిరిగాడు.

"అన్నా, నిన్ను... ఇంకొక నాలుగు తిట్టుమంటున్నది."

ఫోను లింబాద్రి చేతికి వచ్చింది. క్యాంపు మొత్తం జడిసే నోరు అది. అందరూ వాడి వైపే చూస్తున్నారు. అక్కడ ఏటి ఒడ్డున తడిసి ముద్దయిన ముసలమ్మ చెవి ఒగ్గి నిలబడి ఉంది. లింబాద్రి నోరు తెరిచాడు. ఒక్క తిట్టూ రాలేదు.

"అవ్వా," అన్నాడు.