ముంజేతి మీద సున్నా

ఎల్బీనగర్ చౌరస్తాలో టియర్ గ్యాస్ పేలిందంటే పక్కనే ఉన్న ఆ చిన్న దవాఖానలో అందరి కళ్లూ మండేవి. తెలంగాణ కోసం ఆ డిసెంబరులో రోజూ బందే, రోజూ లాఠీలే.

నర్సింగ్ మూడో ఏడు చదువుతున్న జ్యోతికకు మాత్రం లాఠీల కంటే సూర్యప్రభ సిస్టరంటేనే హడల్. ఆవిడది భీమవరం వైపు. తప్పు దొరికితే ఉతికి ఆరేసేది. ట్రేలో దూది అటూ ఇటూ జరిగినా చాలు, "నీ చేతిలో పడితే మనిషి బతుకుతాడా?" అని వార్డంతా వినేలా అడిగేది. ఆ మాట విని విని, సిరంజి పట్టుకుంటే చాలు జ్యోతికకు వేళ్లు వణికేవి.

ఆ మధ్యాహ్నం మధు అనే కుర్రాణ్ణి తల పగిలి ఉండగా మోసుకొచ్చారు. వెంట వచ్చిన అన్న లింగస్వామి చేతిలో జెండా కర్ర అలాగే ఉంది. డాక్టరు కుట్లు వేసి, పై అంతస్తులో ఆపరేషన్‌కు పరుగెత్తాడు. యాంటీబయాటిక్ ఇచ్చే పని జ్యోతిక మీద పడింది.

ఆ మందును ముందు చుక్కంత ముంజేతి చర్మంలోకి ఎక్కించి, చుట్టూ పెన్నుతో సున్నా గీసి, కాసేపు ఆగి చూడాలి. సున్నాలో ఎర్రగా దద్దు లేస్తే ఆ మందు ఆ మనిషికి పడదన్నమాట. జ్యోతిక సున్నా గీసింది. ఆగుదామనే అనుకుంది.

"ఇంకా అవ్వలేదా? పెళ్లిచూపులా అవి?" అవతలి మంచం దగ్గర నుంచి అరిచింది సూర్యప్రభ.

అంతే, జ్యోతిక సిరంజి అందుకుంది. ఆగకుండా మందంతా నరంలోకి ఎక్కించేసింది.

మధు ఒళ్లంతా గోక్కోసాగాడు. పెదాలు ఉబ్బాయి, గొంతులో ఈల లేచింది. సున్నా నిండా దద్దు! అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? దుప్పటి లాగి ఆ చేతిని కప్పేసింది.

సూర్యప్రభ పరుగున వచ్చింది. "ఏం ఇచ్చావే?"

"ఏం ఇయ్యలే సిస్టర్. ఇంకా ఇయ్యలే."

పాపం, ఆవిడ నమ్మింది. మందు ఇవ్వనప్పుడు ఇక తలదెబ్బే ముదిరి ఉంటుందనుకుని డాక్టరు కోసం కేకేసింది.

"మంచిగ మాట్లాడుకుంట ఒచ్చిండు నా తమ్ముడు! ఆంధ్రదానివి, కావాల్నని చంపుతున్నవ్!" లింగస్వామి కర్ర ఎత్తాడు. అడ్డం పెట్టిన సూర్యప్రభ కుడి మణికట్టు పుటుక్కుమంది. రెండో దెబ్బకు నుదురు చిట్లింది. మధును మోసుకొచ్చినవాళ్లు వెనక నుంచి దూసుకొచ్చి అద్దాల బీరువా కూలదోశారు. ఎవడో ఆవిడ జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నేలంతా గాజుముక్కలు, నెత్తురు. మంచం మీద మధు పెదాలు నీలం తిరుగుతున్నాయి.

నిజం చెబితే చదువు పోతుంది, ఆ కర్ర తన మీదికి మళ్లుతుంది. చెప్పకపోతే రెండు ప్రాణాలు పోతాయి.

"ఆమె కాదు, నేనే!" జ్యోతిక దుప్పటి లాగి పారేసింది. "గీ దద్దు చూడన్నా! ఆగకుంట నేనే మందు ఎక్కిచ్చిన. నన్ను తర్వాత కొట్టు, ముందు మీ తమ్ముణ్ని బతకనియ్యి!"

కర్ర ఆమె భుజం మీద పడనే పడింది. మళ్లీ ఎత్తబోయిన లింగస్వామి తమ్ముడి నీలం పెదాలు చూసి ఆగాడు, వెనకవాళ్లనీ ఆపాడు.

"అడ్రినలిన్!" నేల మీద నుంచే అరిచింది సూర్యప్రభ. "సగం ఎం.ఎల్., తొడకి! నా చెయ్యి విరిగింది, నువ్వే చెయ్యాలి!"

"నాతోని కాదు సిస్టర్!"

"మరి ఎవరితో అవుతుందే? చేతులు వణికితే వణకనీ. పొడువు!"

చెదిరిన ట్రేలో ఆ విరుగుడు మందు వెతికి, పేరు చదువుకుని, గాజుబుడ్డి మెడ విరిచింది. వేలు తెగింది. ఆ నెత్తుటి చేత్తోనే మధు ప్యాంటు మీంచి సూది దింపి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది. చాలాసేపటికి గొంతులో ఈల తగ్గింది. లింగస్వామి కర్ర వదిలేసి, మంచం కోడు పట్టుకుని బావురుమన్నాడు.

డాక్టరు దిగొచ్చి మధు గండం గడిచిందన్నాక, సూర్యప్రభ ఎడమచేత్తో జ్యోతిక చెంప ఛెళ్లుమనిపించింది.

"తప్పు చేసినందుకు కాదు, దుప్పటి కప్పినందుకు." ఆవిడ నుదుటి నెత్తురు తుడుచుకుంది. "నిన్నంత భయపెట్టింది నేనే. దానికి నన్నెవరు కొట్టాలో!"

నుదుటికి కుట్లు పడ్డాక డాక్టరు ఆవిడకూ అదే యాంటీబయాటిక్ రాశాడు. అందరూ ఉండగా ఆవిడ తన ఎడమచెయ్యి జ్యోతిక ముందే చాపింది. జ్యోతిక చుక్కంత మందు ఎక్కించి సున్నా గీసింది. బయట మళ్లీ టియర్ గ్యాస్ పేలింది. వరండాలో ఎవరో సిస్టర్, సిస్టర్ అని కేకలు పెడుతున్నారు.

"తొందరగా కానియ్యవే," అంది సూర్యప్రభ, అలవాటు చొప్పున.

"ఆగుండ్రి సిస్టర్," అంది జ్యోతిక, సున్నా మీంచి చూపు తిప్పకుండా.