భూమి చీలిన పటం

నా రాత నిదానం. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతుంటాయి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది. చదివేవాళ్లు మన్నించాలి.

రెండు వేల ఐదు, మార్చి నెల. భద్రాచలం దాటాక అడవి చిక్కబడే చోట, వాగు ఒడ్డున ఒక గూడెం. భారతమ్మది ఆ గూడెమే. ఇంట్లో ఆమె, కొడుకు జంపయ్య, కోడలు యశోద. పెళ్లై ఏడాది. యశోదకు ఐదో నెల.

ఇప్పపువ్వు రాలే రోజులవి. అక్కడ ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. ఎవరి చెట్టు కింద వాళ్లే ఏరుకోవాలి. ఆడపిల్లకు పెళ్లైతే పుట్టింటి చెట్టు మీద హక్కు పోతుంది, అత్తింటి చెట్టే ఆమెది. చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టి నేల బోడిగా చేసుకుంటే పువ్వు ఏరడం సులువు.

ఆ ఏడు భారతమ్మ చెట్టు సరిగ్గా పూయలేదు. ముందురోజు కోడలి బుట్ట చూసి ఆమె మూతి తిప్పింది.

"గింతేనా? మీ అమ్మగారి చెట్టు కింద గూడ గిట్లనే ఏరేదానివా? తినేటప్పుడైతే చెయ్యి మంచిగనే ఆడుతది."

యశోద తల వంచుకుని పోయి పడుకుంది.

మర్నాడు చీకటితోనే బుట్ట పట్టుకుని వెళ్లిన పిల్ల పొద్దు బారెడెక్కినా తిరిగి రాలేదు. ఈలోగా ఎక్కడో ఎవరో పెట్టిన నిప్పు గాలికి చెయ్యి జారింది. వాగుకు ఇవతలా అవతలా పొగే. మగవాళ్లంతా గుట్ట మీదున్న భారతమ్మ చెట్టు దగ్గరికి పరుగెత్తారు. వరసకు మరిదయ్యే పోతయ్య ఒక్కడే వెనక్కి వచ్చాడు. మొహం నిండా మసి.

"లేదు వదినా. చెట్టు కింద బుట్ట లేదు, మనిషి లేదు. జంపయ్య పెండ్లాం పేరు పెట్టి మొత్తుకుంట గుట్ట పైకి పోయిండు."

"పైన మంట ఉన్నది గదా!"

"ఉన్నది. ఏం చెయ్యమంటవ్, ఆగుతలేడు."

భారతమ్మ గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, చూరులో దోపిన గుడ్డమూట తీసింది. అందులో ఉన్నవి చిలక జోస్యం పటాలు. రెండు వానాకాలాలు ఆమె అరుగు మీద తలదాచుకున్న జోస్యగాడు, చిలక చచ్చిపోయాక వదిలేసి పోయినవి. భారతమ్మకు జోస్యం రాదు. ఏదైనా పని తెగనప్పుడు ఒక పటం తీసేది. ఇందులో ఎవరున్నరు, ఏం చేస్తున్నరు, ఎందుకు చేస్తున్నరు అని తనను తానే అడుక్కునేది. అంతసేపూ ఒకే చోట తిరిగిన బుద్ధి పక్కదారి పట్టేది. ఒకసారి పందులు మక్కచేను తొక్కుతుంటే వామనుడి పటం వచ్చింది. ఆ పొట్టి మనిషిని చూసీ చూసీ, కంచె ఎత్తు పెంచడం మానేసి అడుగున ముళ్లు కట్టింది. పందులు ఆగాయి. "మా వదినకు చిలక ఎందుకు, ముక్కు ఆమెకే ఉన్నది" అని పోతయ్య అందరినీ నవ్వించాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె తీసిన పటంలో భూమి చీలింది. చీలికలో సీతమ్మ నడుము దాకా దిగిపోయింది. ఒడ్డున రాముడు వట్టి చేతులు చాచి నిలబడ్డాడు.

"మన్నుల కలిసిందంటున్నదా ఏంది?" పోతయ్య పటం మీదికి వంగాడు.

"నోరు ముయ్!" అని అరిచిందే గాని ఆమెకు తోచిందీ అదే. పటం లోపల పెట్టేసి ఇంకొకటి తీయాలని చెయ్యి పోయింది. ఇష్టమైనది దొరికేదాకా తీస్తూ కూర్చుంటే కొత్తగా తోచేదేముంటుంది? చెయ్యి వెనక్కి తీసుకుని, పళ్లు కరుచుకుని చూసింది.

ఎవరున్నరు? సీతమ్మ. ఏం చేస్తున్నది? పోతున్నది. ఎందుకు? మాట పడలేక. ఎవరి దగ్గరికి? భూదేవి దగ్గరికి. కన్నతల్లి దగ్గరికి.

భారతమ్మ పటం కింద పడేసి లేచింది.

"పోతయ్యా, పిల్ల మా చెట్టు కాడికి పోనేలేదు. వాగు అవతల వాళ్లమ్మ చెట్టు కాడ ఉన్నది."

"పెండ్లైన పిల్ల ఆ చెట్టు కిందికి ఎట్ల పోతది? వాళ్ల వదినెలు ఊకుంటరా?"

"ఊకోరనే చీకట్ల పోయింది. నేనే తోలిన. పిలగాండ్లతోని జంపయ్యను ఎనక్కు పిలిపియ్యి. నడువ్, జల్దీ!"

వాగు దాటాక నేల కాలుతోంది. చెట్ల మొదళ్లు చిటపటమంటున్నాయి. పొగలో ఒకరికొకరు కనపడటం లేదు. పైకొంగు మూతికి అడ్డం పెట్టుకుని భారతమ్మ "యశోదా" అని కేకేసింది. బదులు లేదు. మళ్లీ కేకేసింది. ప్రతి కేకకూ బూడిద తప్ప ఏమీ కదల్లేదు. కాలిన మొద్దు ఏది కనపడినా అది మనిషేమోనని వంగి చూసింది.

ఇప్పచెట్టుకు ఆవల ఒక పెద్ద బండ. పోతయ్యే ముందు చూశాడు. బండ మీద మోకాళ్లు ముడుచుకుని యశోద. అరికాళ్లు బొబ్బలెక్కి తోలు లేచింది. బుట్టను పొట్టకు హత్తుకుని కూర్చుంది.

"ఏందే పిల్లా, గొంతు పోయేటట్టు పిలుస్తుంటే పలుకవేంది?" పోతయ్య ఏడుస్తూనే తిట్టాడు.

"మా వదినెలు అనుకున్న మామా... పువ్వు దొంగ అని పంచాయితీ పెడ్తరని." భారతమ్మను చూసి ఆమె ఇంకా ముడుచుకుంది. "సగమే నిండింది అత్తా. నేను పెట్టిన నిప్పే ఎగిసింది. తిట్టకు."

భారతమ్మ చెయ్యి చాపింది. యశోద మోచేయి మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. పిల్ల కనపడితే చాలు, భయం తీరుతుందనుకుంది భారతమ్మ. తీరలేదు. మంట మధ్యన కూర్చుని కూడా ఈ పిల్ల భయపడింది తనకే.

ఆమె మెల్లగా కింద కూర్చుంది. కొంగు చింపి, కాలిన పాదాలు ఒకటొకటిగా ఒళ్లో పెట్టుకుని కట్టింది.

"నా దిక్కు చూడు బిడ్డా" అంది.

యశోద బుట్ట వైపే చూస్తోంది.

పూనెం ఆదెమ్మ
వయసు అరవై నాలుగు
ఇప్పుడు ఉండేది ఖానాపురం హవేలి, ఖమ్మం