బావ తేల్చి పంపిన మాట

మా బావ ఉద్యోగం వెలుగును బాగుచేయడం. ఇంటర్నెట్ కేబుల్‌లో, వెంట్రుకంత గాజుతీగలో, మాటలు వెలుగు మిణుకులుగా పరిగెడతాయట. దూరం పోయేకొద్దీ అవి నీరసించి, వంకరపోయి, దారిలోని రొదంతా అంటించుకుంటాయి. బావ పనిచేసే కేబుల్ స్టేషన్‌లో యంత్రం ఒక్కో మిణుకునూ పట్టుకుని, ఉందా లేదా అని తేల్చేసి, దాని బదులు కొత్త వెలుగును ముందుకు పంపుతుంది.

"ఊరికే పెద్దది చేస్తే రొద కూడా పెద్దదవుతుంది చిన్నీ. తేల్చి పంపితేనే శుభ్రం" అనేవాడు గొప్పగా.

"తప్పుగా తేల్చితే?"

"ఆ తప్పూ అంతే తళతళలాడుతూ పోతుంది. అందుకే దాన్ని సరిచూడటానికి వేరే ఏర్పాటు ఉంటుందిలే."

ఇంట్లోనూ ఆయనది అదే పని, సరిచూసే ఏర్పాటే లేదు. నా కూతుర్ని నలుగురిలో కడిగేసిందని అక్క మీద నేను ఒంటికాలి మీద లేచాను. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఏ కబురైనా బావే మోసేవాడు. అక్క తిట్లన్నీ వడకట్టి నాకు సారం చెప్పేవాడు, నా వెటకారం ఆమెదాకా పోనిచ్చేవాడు కాదు. ఆయన పుణ్యమా అని ఇద్దరం మర్యాదస్తులుగా చలామణీ అయ్యాం.

అక్కకు గుండె ఆపరేషన్ అని తెలిసి నా ప్రాణం ఉసూరుమంది. పంతం పక్కన పెట్టి బావకు ఫోన్ చేశాను.

"నేను రానా? అక్కనే అడిగి చెప్పు."

కాసేపటికి జవాబొచ్చింది. "ఇప్పుడు రావద్దంది చిన్నీ."

అంతే, ముక్కుసూటిగా ఒక్క ముక్క. మనసు చివుక్కుమని ఆగిపోయాను. అక్క ఆపరేషన్ బల్ల మీదే పోయింది.

ఆసుపత్రికి పరుగెత్తుకెళ్తే నర్సు నన్ను పక్కకు పిలిచింది. "చెల్లెలు మీరేనా? లోపలికి తీసుకెళ్లేదాకా మిమ్మల్ని తిడుతూనే ఉన్నారండీ పాపం."

అక్క తనకు అక్కర్లేని మనిషిని తిట్టదు, అసలు పేరే ఎత్తదు. తిట్టిందంటే రమ్మన్నట్టే. ఇన్నేళ్లు కాపురం చేసిన బావకు ఆ మాత్రం తెలియలేదంటే ఒళ్లు మండిపోయింది.

ఆయన మళ్లీ డ్యూటీలో చేరాక స్టేషన్‌కే వెళ్లాను. కిటికీల్లేని గది, ఎముకలు కొరికే ఏసీ, పెట్టెల్లో ఫ్యాన్ల హోరు. బావ ఒక తీగ కొసను మెత్తటి బట్టతో తుడుస్తున్నాడు.

"ఆరోజు అక్క ఏమందో పూసగుచ్చినట్టు చెప్పు. తిట్లతో సహా."

బావ తుడవడం ఆపాడు. "చాలా అంది. దానికి ఇప్పుడు గుర్తొచ్చానా అంది. నీ కూతురి గురించి కూడా ఏదో అంది. ఒకసారి రమ్మన్నట్టు, ఒకసారి వద్దన్నట్టు... ఆవేశపడకూడదని డాక్టర్ చెప్పాడు కదా. వద్దనే అనుకున్నాను."

"నా కూతురి గురించి ఏమంది?"

కళ్లు మూసుకుని చాలాసేపు వెతికాడు. "గుర్తులేదు చిన్నీ. తేల్చుకున్నాక మిగతాది మనసులో పెట్టుకోలేదు."

"ఒక్క తిట్టు బావా. కాళ్లు పట్టుకుంటాను, ఒక్కటి గుర్తు తెచ్చుకో."

ఆయన నా మొహంలోకి చూశాడు. పాపం, తట్టుకోలేకపోయాడు.

"చెల్లెలంటే నాకు ప్రాణం అంది" అన్నాడు మెల్లగా.

అలాంటి మాట మా అక్క జన్మలో అనదు. ఆ యంత్రాల మధ్య కూలబడి భోరుమని ఏడ్చాను.