జీపు వెళ్లినంత మేర

విత్తనం చల్లకుండా వరసల్లో వేస్తే జొన్న రెట్టింపు పండుతుందని కనిపెట్టడానికి ప్రొఫెసర్ వెంకటప్పయ్యగారికి యూనివర్సిటీలో ఆరేళ్లు పట్టింది. ఆ పరిశోధన ప్రభావం కొలిచి పంపమని పైనుంచి ఉత్తరం వస్తే, ప్రభావమంటే కంటికి కనిపించే మార్పని ఆయనే నిర్వచించి, 1984 వానాకాలంలో ఇల్లందు అవతలి తండాకు బయలుదేరారు. జీపు డ్రైవర్ని నేను.

బాటకు రెండు పక్కలా తాడు పట్టి వేసినట్టు జొన్న వరసలు. బూట్లకు బురదవుతుందని అయ్యగారు దిగలేదు. కూర్చున్న చోటినుంచే చూసి "నూటికి నూరు శాతం" అని రాసుకున్నారు. వాగు దగ్గర బాట ఆగింది, దాంతోపాటే శాస్త్రమూ ఆగింది.

ఆయన ఫ్లాస్కులో టీ తాగుతుంటే నేను వాగు అవతలికి చూశాను. అక్కడన్నీ ఎప్పటిలా చల్లిన చేలే. తండా రైతు రూప్లాను పక్కకు పిలిచి అడిగాను.

"వరసలు వాగుదాకనే ఏసిన్రేంది?"

"జీపు గంతదాకనే వస్తది గదా. అవతల రాళ్ల నేల, వరసలేస్తే మొలకే రాలే. ఆ మాటంటే సారు గంటసేపు క్లాసు పీకుతడు." అతను గొంతు తగ్గించాడు. "నీకు దండం పెడత డ్రైవరన్నా, ఈ వాగు మీద బ్రిడ్జి కావాలని మాత్రం మీ సారుతోని రాయించకు."