ఆగి ఉన్న వ్యాన్లు

పాప సాక్సుల్లో జత దొరకనిది వారానికొకటి మిగులుతుంది. ఆ ఒంటి సాక్సు పట్టుకుని ఆమె మంచం కిందికి వంగి వెతుకుతుంటే హాల్లోంచి భర్త గొంతు వినిపించింది.

“ఇంత బిల్లేమిటి? అసలేం చేశావు నువ్వు?”

భర్త గొంతును బట్టి సంగతి బరువు తూచడం ఆమెకు కాపురం నేర్పిన విద్య. చొక్కా గుండీ ఊడితే ఒక గొంతు, కూరలో ఉప్పెక్కువైతే ఇంకొకటి. ఇది ఆ రెంటిలోనూ చేరదు. సాక్సు చేతిలో ఉండగానే హాల్లోకి వచ్చింది. భోజనాల బల్ల మీద ఆమె లాప్‌టాప్ తెరిచి ఉంది. దాన్ని తెరవడానికి ఆయన ఎప్పుడూ అడగడు. ఆయన ఫోను మోగితే మాత్రం, ఎవరు చేశారో కూడా చూడకుండా ఆమె తీసుకెళ్లి చేతికిస్తుంది. తెర మీది అంకెను ఆమె రెండుసార్లు చదివింది. ఉద్యోగం మానేసిన రోజు ఆఫీసువాళ్లు లెక్కగట్టి ఇచ్చిన డబ్బును ఇన్నేళ్లుగా కదపకుండా దాచుకుంది. ఎప్పటికైనా తలుపు వేసుకోగల చిన్న గది ఒకటి అద్దెకు తీసుకుని, అందులో ఒక బల్ల, ఒక కుర్చీ వేసుకుని పని చేసుకోవాలని ఆశ. ఈ అంకె ఆ ఆశనంతా మింగేసేట్టుంది. ఎందుకంటే ఆమె రాసిన యాప్ నడవడానికి సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీకి ఇచ్చింది ఆమె బ్యాంకు కార్డే.

అసలా యాప్ పుట్టింది వీధి మలుపులో. పాపను దించుకోవడానికి రోజూ అక్కడ నిలబడే తల్లుల్లో ఆమె ఒకతె. బడి వ్యాను ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఒకావిడ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేది, ఇంకొకావిడ ఆఫీసులో పది అబద్ధాలు చెప్పి వచ్చేది. ఎండైనా వానైనా అందరూ ఒకే వైపు మెడలు చాచి చూడటమే పని. ఒకరోజు ఆమె వ్యాను డ్రైవరును బతిమాలి అతని ఫోనులో తను రాసిన చిన్న ప్రోగ్రాం వేసింది. వ్యాను ఎక్కడుంటే తల్లుల ఫోన్లలో పటం మీద అక్కడ ఒక చుక్క కనిపిస్తుంది. మర్నాటి నుంచి పాలు పొంగడం మానేశాయి.

అప్పట్లో భర్త దాన్ని ‘నీ కాలక్షేపం’ అనేవాడు. పక్క వీధివాళ్లు కూడా అడగడం మొదలుపెట్టాక ‘మన యాప్’ అన్నాడు. మరిది ఉద్యోగం వదిలేసి వచ్చి చేరాక అది ‘మా కంపెనీ’ అయింది. అన్నదమ్ములిద్దరి పేర్లతో విజిటింగ్ కార్డులు అచ్చయ్యాయి. ఆమెకూ ఒకటి వేయిద్దామా అని ఎవరైనా అంటారేమోనని ఆమె రెండు రోజులు చూసింది. మరిది నవ్వుతూ, వదిన లేకపోతే కంపెనీయే లేదు, ఆవిడకు కార్డెందుకు అన్నాడు. మరిది మంచివాడే. సర్వరు ఆగిపోయినా, టీ చల్లారిపోయినా, పాపకు జలుబు చేసినా, “అది వదిన డిపార్ట్‌మెంటు” అని ఒకే ఆప్యాయతతో అంటాడు.

ఆమె డిపార్ట్‌మెంటు భోజనాల బల్లకు ఓ చివర ఉండేది. కంచాలు వచ్చే వేళకు లాప్‌టాప్ సర్దేయాలి, కంచాలు తీశాక మళ్లీ తెరవాలి. ఈ మధ్యలో అత్తగారు తన గదిలోంచి పిలుస్తూనే ఉంటారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అయినా పిలిచేది నీళ్లకో మందుకో మాత్రమే కాదు. “అమ్మాయ్, ఎక్కడున్నావ్?” అంటారు. “ఇక్కడే ఉన్నానత్తయ్యా,” అంటుంది ఆమె. ఆ జవాబు వింటే చాలు, ఆవిడకు ఇంకేం అక్కర్లేదు. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. ఒక్కోసారి ఆమె వేళ్లు ప్రోగ్రాం రాస్తూనే ఉంటాయి, నోరు దాని మానాన అది ఇక్కడే ఉన్నాననేస్తుంది.

కంపెనీలో డబ్బు పెడతానన్న పెద్దమనిషి ఇంటికొచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. పటం మీద చుక్క ఆగి ఆగి గెంతుతోందని ఆయన అన్నాడు. అప్పటికి వ్యాను అరనిమిషానికోసారి తానెక్కడుందో చెప్పేది. పిల్ల కోసం మలుపు దాకా నడవాల్సిన తల్లికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. అదంతా ఎవరు రాశారని కూడా ఆ పెద్దమనిషి అడిగాడు. “మా టెక్నికల్ టీం ఉందండీ,” అన్నాడు భర్త. ఆ టీం మొత్తం చేతిలో టీ ట్రేతో అక్కడే నిలబడి ఉంది. ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత వంటింట్లోకి వెళ్లాక ఏడుపొచ్చింది. కప్పులు కడగాలి కాబట్టి ఏడుపు ఎక్కువసేపు సాగలేదు.

ఆ పెద్దమనిషి వెళ్లగానే భర్త, పటం మీద చుక్క నున్నగా పోవాలి, సెకనుకోసారి కదిలేట్టు చెయ్యి అన్నాడు. ఆమె వివరించబోయింది. మనం సర్వర్లు కొనుక్కోలేదు, అద్దెకు తీసుకున్నాం, కరెంటు మీటరు లాగే వాడినంత బిల్లు పడుతుంది. వ్యాను ఒకసారి నేనిక్కడున్నానని చెబితే, ఆ మాట చూస్తున్న ప్రతి ఫోనుకూ విడివిడిగా చేరాలి, చేరిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది. అరనిమిషానికి ఒకటనేది సెకనుకొకటైతే ఎక్కడికి పోతుందో చూడండి అంది. “తినేటప్పుడు ఆఫీసు గోలెందుకు?” అన్నాడాయన. నిజమే, భోజనాల వేళ. ఆయనతో మాట్లాడటానికి ఆమెకు దొరికేది ఆ ఒక్క వేళే.

సెకనుకోసారి చేసింది. తర్వాత బడి ఆఫీసుల్లో గోడకు టీవీలు పెట్టించి, వాటిలో వ్యాన్లన్నీ ఎప్పుడూ కనిపించేలా చేస్తామని అన్నదమ్ములు బడులవాళ్లకు మాటిచ్చి వచ్చారు. వ్యాను ఆగిపోతే చుక్క పంపడం ఆగిపోయేలా ఆమె ముందే రాసి పెట్టింది. దాంతో సాయంత్రమయ్యేసరికి టీవీల్లో పటం ఖాళీ అయిపోయేది. ఎవరో హెడ్మాస్టరు అది చూసి మీ వ్యాన్లేమయ్యాయని అడిగాడట. భర్తకు తల తీసేసినట్టయింది. ఖాళీగా కనిపిస్తే ఏం బావుంటుంది, ఆగినా చుక్కలు ఉండాల్సిందే అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన మళ్లీ విన్నట్టే విన్నాడు. చివరికి ఆమె అదీ ఆయన చెప్పినట్టే మార్చింది. బిల్లు ఒక హద్దు దాటితే హెచ్చరిక వచ్చే ఏర్పాటైతే ఆమె చేయగలిగింది. ఆ హెచ్చరికలు కంపెనీ మెయిలుకే వెళ్తాయి. కంపెనీ మెయిలు ఆయన చేతిలో ఉంటుంది. ఏవో ప్రకటనలనుకుని అన్నీ తీసిపారేశానని ఇప్పుడు, ఆ అంకె ముందు నిలబడి, తేలిగ్గా చెప్పాడు.

అంటే సెలవుల్లో బడులకు తాళాలు పడ్డాక కూడా, డ్రైవర్ల ఇళ్లలో చార్జింగుకు పెట్టిన ఫోన్లన్నీ సెకనుకోసారి నేనిక్కడే ఉన్నాను, నేనిక్కడే ఉన్నాను అని చెబుతూనే ఉన్నాయి. మనుషుల్లేని గదుల్లో టీవీలు ఆ మాట వింటూనే ఉన్నాయి. ఎక్కడికీ పోని వ్యాన్లు, ఎవరూ చూడని చుక్కలు. లోపలి గదిలోంచి అత్తగారు ఎక్కడున్నావ్ అన్నారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె నోరు దానంతటది జవాబు చెప్పలేదు.

మరిదిని పిలిపించారు. అన్నదమ్ములు బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. బిల్లు కంపెనీది కాదు, ఆమె పేరున ఉంది. కంపెనీ పేరుతో అయితే ఆడిటరు లేనిపోని ప్రశ్నలడుగుతాడు, ఖాతా నీ పేరుతోనే తెరువు, నీదీ నాదీ అని ఏముంది అని మొదట్లో భర్తే అన్నాడు. ఆ మాటకు ఆమె మురిసిపోయింది కూడా. ఇప్పుడు మాత్రం, ఖాతా నీది, కార్డు నీది, రాసింది నువ్వు, నన్నేం చెయ్యమంటావు అంటున్నాడు. ఇంతకాలం ఆమె ఎదురు చూసిన మాట అది. రాసింది నువ్వు అని ఆయన మొట్టమొదట ఒప్పుకున్నది బిల్లు వచ్చిన రోజున.

ఉపాయం మరిదే కనిపెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలియక తప్పు చేస్తే సర్వర్ల కంపెనీవాళ్లు జాలిపడి బిల్లు మాఫీ చేస్తారట. భర్త మొహం విప్పారింది.

“ఇంకేం, ఫోన్ చేసి చెప్పు. గృహిణిని, ఇంట్లో ఖాళీగా ఉండి నేర్చుకుంటున్నాను, తెలియక ఏదో నొక్కాను అను. కాస్త ఏడుపు గొంతుతో చెబితే ఇంకా మంచిది.”

“అబద్ధం కదండీ,” అంది ఆమె.

“అబద్ధమేముంది? ఇంట్లోనే ఉన్నావుగా?”

ఆమె వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడింది. ఎటు చూసినా గోడే. నిజం చెబితే దాచుకున్న డబ్బు పోతుంది, దాంతో పాటే ఆ గది, ఆ తలుపు. అబద్ధం చెబితే డబ్బు మిగులుతుంది, ఇన్నాళ్లు చేసిందంతా ఖాళీగా ఉన్న మనిషి ఏదో నొక్కడం కింద తేలిపోతుంది. రేపు ఆ పెద్దమనిషి ముందు కాగితాల మీద సంతకాలు జరిగేటప్పుడు ఎవరైనా ఆమె పేరెత్తితే, పాపం తెలియక నొక్కేసిందండీ అని చెప్పి అందరూ నవ్వుకోవచ్చు. ఆ ఏడుపు గొంతు ఎలా పెట్టాలో ఆమెకు తెలియక కాదు. పుట్టింటికి వెళ్లి రెండు రోజులు ఉంటానని అడగడానికి, పాత స్నేహితురాలిని కలవడానికి, జ్వరమొచ్చినరోజు పడుకోవడానికి, అన్నిటికీ ఆ గొంతే వాడింది. మాఫీ కావాలంటే ముందు తెలివి లేనట్టు ఉండాలనేది ఈ ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. ఒంటి సాక్సు ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకుంది.

తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఫోను కన్నా ముందు లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఆగిన వ్యాను చుక్క పంపడం ఆపేలా మార్చింది. సెకనును మళ్లీ అరనిమిషం చేసింది. బడి వేళ దాటితే టీవీలు వాటంతటవే నిద్రపోయేలా పెట్టింది. అన్నదమ్ములు టీ తాగుతూ వేరే ఏదో మాట్లాడుకుంటున్నారు. ఇంత పెద్ద బిల్లుకు కారణమైనవి సరిచేయడానికి ఆమెకు వాళ్ల టీ చల్లారేంత సమయం కూడా పట్టలేదు.

తర్వాత ఫోన్ చేసింది. స్పీకరు పెట్టమని భర్త సైగ చేశాడు. అటు నుంచి ఒక అమ్మాయి మర్యాదగా ఖాతా వివరాలు సరిచూసుకుని, ఏం జరిగిందో చెప్పమంది. భర్త పెదాలు కదిపి గృహిణి అన్నాడు. మరిది రెండు చేతులూ జోడించి బతిమాలుతున్నట్టు చూపించాడు.

“ఈ యాప్ నేనే తయారు చేశానండీ,” అంది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఉద్యోగం చేసిన రోజుల్లో ఇదే గొంతు ఉండేదని గుర్తొచ్చింది. వ్యాన్లు, చుక్కలు, టీవీలు, ఎక్కడ ఎందుకు ఖర్చు పెరిగిందో వరుసగా చెప్పుకుంటూ పోయింది. ఏదీ తెలియక చేయలేదని, వద్దని తెలిసీ ఒత్తిడికి లొంగి చేశానని, ఇప్పుడే సరిచేశానని చెప్పింది. భర్త బల్ల కింద కాలితో తట్టాడు. ఆమె కాలు పక్కకు జరుపుకుంది.

అవతలి అమ్మాయి కాసేపు ఏదో పరిశీలించి, ఖర్చు వెంటనే పడిపోవడం తనకు కనిపిస్తోందంది. “ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పరండీ. పైవాళ్లకు పంపిస్తాను. నేర్చుకునేవారికి ఇచ్చే మాఫీ మాత్రం మీకు వర్తించదు. కొంతైనా తగ్గిస్తారో లేదో నేను మాటివ్వలేను.”

“ఫరవాలేదండీ,” అంది ఆమె. ఆ మాట నిజంగానే అంది. భర్త కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి జరిపి లేచాడు, మళ్లీ ఏమనుకున్నాడో కూర్చున్నాడు. మరిది ఫోను వంకే చూస్తున్నాడు.

“ఇంకొక్క మాటండీ,” అంది అవతలి అమ్మాయి. “యజమానిగా మీ పేరొక్కటే ఉంది. మీతో పాటు అన్నీ మార్చే అధికారం ఇంకొకరికి ఇచ్చారు. మగవారి పేరు. భద్రత కోసం అడుగుతున్నాను, ఆయనెవరు? ఆ అధికారం అలాగే ఉంచుతారా?”

లోపలి గదిలోంచి అత్తగారు, “అమ్మాయ్, ఎక్కడున్నావ్?” అన్నారు. ఎవరూ పలకలేదు. ఆమె భర్త వైపు చూసింది. కోపంగా చూడాలనుకుంది గానీ కోపం రాలేదు. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ పేరు పక్కన ఉన్న అధికారాన్ని మారుస్తూ జవాబు చెప్పింది.

“మా ఆయనండీ. ఇంట్లో ఉండి నేర్చుకుంటున్నారు. ఊరికే చూసే అనుమతి చాలు.”