మేనమామ అడిగిన నెత్తురు

మంగళవారం ఉదయం ఎనిమిది నలభైకి క్వాబెనా బాడు కుమాసీ నగరంలోని ప్రయోగశాలకు వచ్చి, తన ముగ్గురు మేనకోడళ్ల నెత్తురు తిరిగి ఇమ్మన్నాడు.

ఆ నెత్తురు తీసింది సెయ్రమ్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడే లూపస్ జబ్బు కొన్ని కుటుంబాల్లోనే ఎందుకు పదే పదే వస్తుందో జన్యువుల్లో వెతకడం ఆమె పీహెచ్‌డీ. మూడేళ్లలో దొరికిన కుటుంబాల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. అక్కచెల్లెళ్లు ముగ్గురు, జబ్బు ఇద్దరికి. నెత్తురు గొట్టాలను విదేశీ పరీక్షకు విమానమెక్కించే కంపెనీ వ్యాన్ పదకొండుకు వస్తుంది. ఈ ఏడాదికి అదే ఆఖరు.

"సంతకం ఉంది పెద్దయ్యా. పిల్లల నాన్నే పెట్టాడు."

"ఆయన్ని ఆయన నెత్తురుకి పెట్టుకోమను. వీళ్లది నా చెల్లెలి నెత్తురు. మీ వోల్టా వైపు ఎలాగో నాకు తెలీదమ్మాయ్. మా అశాంతీల్లో తండ్రి పేరు పెడతాడు, ఫీజు కడతాడు. అంతే. నెత్తురు తల్లిది, దాని మీద మాట మేనమామది."

టెక్నీషియన్ డాంక్వా కూడా అశాంతీయే. "నెత్తురు తీసిన రోజు నేను సెలవు. ఉంటే మేనమామను అడగమని చెప్పేవాణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అంది సెయ్రమ్.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది. "కాగితం సరిగ్గా ఉంది కదా. పంపించెయ్" అని ఆయన పెట్టేశాడు.

బాడు ఆ కాగితం చదవమన్నాడు. ఆమె మొత్తం చదివింది.

"ఇందులో మేనమామ మాట ఉందా?"

"లేదు."

"లేదని నువ్వే చెబుతున్నావా?"

"మీరు అడిగారు కదా."

పది ఇరవైకి ఆమె ఐసు పెట్టె తెరిచి మూడు గొట్టాలు తీసి, ఐసు గిన్నెలో గుచ్చి, ఆయన ముందు పెట్టింది. వాటి మీద పేర్లు లేవు, అంకెలే.

"సెర్వా ఏది?"

"మధ్యది."

"కిడ్నీలు పాడైంది దీనికే. ఈ చివరిది?"

"చిన్నమ్మాయిది. తనకింకా రాలేదు."

"ఇంకా అంటే?"

"వస్తుందో రాదో ఎవరికీ తెలీదు పెద్దయ్యా. అది తెలుసుకోవాలనే తీశాను."

బాడు గొట్టాలు ముట్టుకోలేదు. కెజేటియా మార్కెట్లో బట్టలమ్మే చెల్లెలికి ఫోన్ చేశాడు. అవతల ఆమె అరుపు గదిలో అందరికీ వినబడింది.

"ఆ కాగితం తనకీ చదివి వినిపించాలంట. బయల్దేరింది" అన్నాడు.

"కెజేటియా నుంచా? ఈ వేళప్పుడు, ఆ ట్రాఫిక్‌లోనా?" అన్నాడు డాంక్వా.

పదకొండుకు వ్యాన్ వచ్చింది. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టి లోపలికొచ్చాడు. "మేడమ్, ఆ మూడూ పడేయండి, పోతాను. నా కోసం విమానం ఆగదు."

సెయ్రమ్ బాడు వైపు చూసింది. ఆయన తలుపు వైపు చూస్తున్నాడు.

"పది నిమిషాలు" అంది డ్రైవర్‌తో.

పదకొండు పదికి వ్యాన్ మిగతా కుటుంబాల నలభై ఒక్క గొట్టాలతో వెళ్లిపోయింది. గిన్నెలోని మూడింటినీ డాంక్వా ఫ్రీజర్ రెండో అరలో పెట్టాడు.

పదకొండు ముప్పై ఐదుకు తల్లి వచ్చింది. కాగితం మళ్లీ చదివించుకుని, భర్త సంతకం కింద వేలిముద్ర వేసింది. బాడు దాని పక్కన, ఏ గడీ లేని చోట, సంతకం పెట్టాడు.

తర్వాతి వ్యాన్ ఎప్పుడో కంపెనీ ఇంకా తేదీ చెప్పలేదు.