మండుటెండలో మబ్బులు

నాలుగింటికి కాలుష్య నియంత్రణ మండలికి రిపోర్టు వెళ్ళాలి. రెండున్నరైనా ఆమె పంపలేకపోతోంది.

నిజానికి పని తేలికే. ఉపగ్రహం రోజూ మధ్యాహ్నం ఒకసారి ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరి మీదుగా పోతూ, కింద గాలిలో గంధకపు పొగ ఎంతుందో కొలిచి పంపుతుంది. మబ్బు అడ్డొచ్చిన రోజుల్ని ఆమె రాసిన ప్రోగ్రాం పక్కన పడేస్తుంది. మిగతా రోజుల సగటు చూస్తే ఆ ఫ్యాక్టరీ రెండేళ్లుగా బుద్ధిమంతురాలే. కానీ ఈసారి రెండు నెలల్లో ముప్పై ఏడు రోజులు మబ్బట. నడివేసవిలో.

ఆ ఫ్యాక్టరీలోనే ఫర్నేసు దగ్గర పనిచేసే బావకి ఫోన్ చేసింది.

"బావా, పోయిన మంగళవారం అక్కడ మబ్బు పట్టిందా?"

"మబ్బా? హెల్మెట్ మీద గుడ్డు కొడితే వేగిపోయేది. పైనుంచి అన్నీ కనిపెడతావని మీ అక్క ఊరంతా చెప్పుకుంటోంది, ఇదేనా తల్లీ నీ చూపు?"

"మరి చిమ్నీ?"

"ఫిల్టర్లు ఆపేశారు ఆరోజు. పొగ తెల్లగా దూదిలా కమ్మేసింది. మేస్త్రీ అనుకుని స్తంభానికి సమాధానం చెప్పా."

తెల్లగా, దట్టంగా, మెరుస్తూ ఉంటే మబ్బే అనుకోమని ప్రోగ్రాంకి నేర్పింది తనే. పొగ ఎంత చిక్కగా వదిలితే ఫ్యాక్టరీ అంత శుభ్రంగా కనిపించింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

వాతావరణ కేంద్రం లెక్క తీసి చూసింది. నిజంగా మబ్బు పట్టింది ఆరే రోజులు. మిగతా ముప్పై ఒకటీ తిరిగి కలిపేసరికి మ్యాపు మీద పొగని చూపే ఎరుపు, అక్కావాళ్ళుండే కాలనీ దాటి పాకింది.

మళ్ళీ బావకే చేసింది.

"ఇది పంపితే ఫర్నేసు ఆపిస్తారేమో బావా."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

యంత్రాల హోరులో అతను గొంతు పెంచాడు.

"నీ లెక్క గట్టిదేనా?"

"ఇప్పుడు గట్టిదే. ఇన్నాళ్ళూ కాదు."

"అయితే నన్నడక్కు. వద్దంటానేమోనని భయంగా ఉంది." పెట్టేశాడు.

పై అధికారి మేడం తాపీగా విని, "వచ్చే రిపోర్టులో సరిచేద్దాంలే," అంది. "ఇప్పుడు పాతవన్నీ తప్పంటే మన పరువేం కాను?"

"తప్పేగా మేడం."

"నీదేగా ఆ తప్పు?"

"నాదే. అందుకే ఆగలేను."

"సరే, నీ పేరు మీదే పంపుకో. నన్ను మాత్రం లాగకు."

నాలుగవడానికి రెండు నిమిషాలుండగా రిపోర్టు మొదటి వాక్యం మార్చింది: 'పొగని మబ్బుగా లెక్కగట్టింది నేను, గత రెండేళ్ల రిపోర్టులు నమ్మవద్దు.' పంపేసింది. ఎవరో చెప్పేలోపు తనే చెప్పాలని అక్కకి ఫోన్ చేసింది.

"ఏంటే, పని వేళ?"

"అక్కా, ముందు కాస్త కూర్చో."

"కూర్చున్నా. నువ్వెందుకలా రొప్పుతున్నావు? నడుస్తున్నావా?"

అప్పటికి ఆఫీసు గదిని ఆమె ఆరుసార్లు చుట్టింది.